ఎవరేం చెప్పారో రాసిపెట్టిన మనిషి

మా ఎదురింట్లో ఉండే, నేను లైబ్రరీ చెల్లెలు అని పిలుచుకునే ఆవిడ పోయిందని ఆసుపత్రి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు పొద్దున తొమ్మిదిన్నర అయింది. నేను ఆవిడ కోసం రాగిజావ కాచి, రెండు గిన్నెల్లోకి తిరగబోస్తూ చల్లారుస్తున్నాను. వేడిగా ఉంటే నోట్లో పుండ్లు మండుతాయి, మరీ చల్లారితే వాంతి వస్తుంది. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు తిరగబోస్తూనే ఉన్నాను. చెయ్యి ఆగలేదు. మా ఆయన వచ్చి గిన్నె తీసి పక్కన పెట్టారు. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇవాళ్టికి నెలా పది రోజులైంది. ఆ కోపం ఇంకా పోలేదు.

యూనివర్సిటీ లైబ్రరీలో ఆవిడతో పనిచేసినవాళ్ళు చిన్న పుస్తకం వేస్తున్నారట. మీకు బాగా దగ్గర కదా, నాలుగు మంచి మాటలు రాసివ్వండి అన్నారు. నేను ఐదో తరగతితో బడి మానేసిన మనిషిని, నాకేం వచ్చు అన్నాను. మాట్లాడినట్టే రాయండి, మేం సరిచేసుకుంటాం అన్నారు. సరిచెయ్యకండి. మంచి మాటలు ఉన్నచోట ఉంటాయి. మిగతావి కూడా మీరు చదవాలి.

పదకొండో రోజున వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు, పోనీలెండి, కష్టం తీరిపోయింది అని. తీర్చమని ఆవిడ ఎవర్నైనా అడిగిందా? ఏడేళ్ళు ఆవిడ బతకడానికి ఎంత పద్ధతిగా పాటుపడిందో చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

ఆవిడది కడప వైపు, మాది గోదావరి వైపు. తార్నాకలో ఒకే అంతస్తులో ఎదురెదురు తలుపులు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనడిగితే, "ఖాళీ దొరకలేదక్కా, లైబ్రరీకి ఆదివారం కూడా సెలవు లేదు" అనేది. నా పులుసు రుచి చూసి, "బెల్లం డబ్బా బోర్లబడిందా?" అనేది. ఆవిడ చేసిన కారం మా ఆయన తింటే చెవులు ఎర్రబడేవి.

రోజూ పొద్దున్నే ఇద్దరం క్యాంపస్‌లోకి నడకకి వెళ్ళేవాళ్ళం. ఆవిడ చకచకా పోయేది, నేను వెనక ఆయాసపడుతూ. చెట్ల కింద పరీక్షలకి చదువుకునే పిల్లలు ఒక్కోసారి పుస్తకం మొహమ్మీద బోర్లించుకుని నిద్రపోయేవాళ్ళు. ఆవిడ చప్పుడు కాకుండా ఆ పుస్తకం తీసి, రాలిన ఆకు ఒకటి ఏరి ఆ పేజీలో పెట్టి, మూసి వాళ్ళ తల పక్కన పెట్టి వచ్చేది. లేపి తిట్టచ్చు కదా, పరీక్ష పోతుందేమో అని నేను కంగారుపడేదాన్ని. "నిద్ర వాని ఇష్టం. పుస్తకం నడుము విరగ్గొట్టే హక్కు మాత్రం వానికి లేదు" అనేది.

నాకు ప్రతిదానికీ భయం. మా ఆయన పాలకి వెళ్ళి పది నిమిషాలు ఆలస్యమైతే బస్సు గుద్దిందనుకుంటాను. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేస్తాను. ఆవిడే నాకొక నోటుపుస్తకం ఇచ్చి, భయం వేసినప్పుడల్లా తేదీ వేసి అందులో రాయమంది. పక్కన ఒక గడి ఖాళీగా ఉంచమంది. వారం తర్వాత దాంట్లో ఏమైందో రాయాలి. రాశాను. పేజీలకి పేజీలు ఆ గడిలో "ఏమీ కాలేదు" అనే ఉంది. నాకు కాస్తో కూస్తో నిద్రపట్టడం మొదలైంది అప్పట్నుంచే. డాక్టర్లెవరూ చెయ్యని వైద్యం అది. ఆ ఋణం ఉంది నాకు.

ఒక వేసవిలో నడకలో ఆవిడ వెనకబడింది, నేను ముందున్నాను. అదే మొదటి గుర్తు. ఎడమ పక్క డొక్కలో రాయి పెట్టినట్టు బరువుగా ఉందంది. రక్తపరీక్షలో తెల్లకణాలు లెక్కకి మించి వచ్చాయి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి ఆవిడతో నేనే వెళ్ళాను. రక్తంలో వచ్చే క్యాన్సర్ అన్నాడు డాక్టరు, కానీ ఇందులో ఇది మంచి రకం అన్నాడు. రోజుకో మాత్ర, జీవితాంతం, షుగర్ మాత్ర అనుకోండి అన్నాడు. క్యాన్సర్లో మంచి రకం ఏమిటో నాకిప్పటికీ తెలీదు. అయినా ఆ మాట పట్టుకునే ఇంటికి వచ్చాం. దారిలో చక్కెర పొంగలి వండుకుందామంది కూడా.

ఆ మాత్ర పని చేసింది, కాదనను. కానీ తెల్లారేసరికి కళ్ళ కింద సంచుల్లా వాపు. కాళ్ళ పిక్కలు పట్టేసి మంచం దిగలేకపోయేది. వాసన తగిలితే వాంతి. నల్లగా నిగనిగలాడే మనిషి ఏడాదిలో తెల్లబడింది. అదీ మందు చేసిన పనే. లైబ్రరీలో ఒకావిడ, ఏం క్రీమ్ రాస్తున్నారు మేడం, గ్లో వచ్చింది అందట. "మందమ్మా, నీకూ రాయించమంటావా?" అని అడిగిందట మా చెల్లెలు.

ఇక చెప్పేవాళ్ళు. మాత్రతో గ్లాసుడు నీళ్ళు తాగాలని పెద్దాసుపత్రి డాక్టరు. కళ్ళు వాచాయి కాబట్టి నీళ్ళు తగ్గించమని మా వీధి చివర క్లినిక్ డాక్టరు. పిక్కలకి అరటిపండు తినమని ఒకాయన, షుగర్ అంచున ఉన్నారు కాబట్టి అరటిపండు ముట్టద్దని ఇంకొకాయన. కణాలు బాగా పడిపోయాయి, రెండు వారాలు మాత్ర ఆపండి అని చిన్న డాక్టరమ్మ చెబితే ఆపింది. తర్వాతిసారి పెద్దాయన ఫైలు తిప్పి, ఎవరు ఆపమన్నారు మిమ్మల్ని అని కసిరాడు. ఆపమన్న డాక్టరమ్మ ఆయన పక్కనే నిలబడి ఉంది. నోరు విప్పలేదు. ఆ రోజు నాకు అరవాలనిపించింది. మళ్ళీ ఆయనకి కోపం వస్తే మందు సరిగా రాయడేమో అన్న భయంతో ఊరుకున్నాను. మనలాంటివాళ్ళం డాక్టరు ముందు ఇలాగే ఊరుకుంటాం.

ఆవిడ మాత్రం ఊరుకోలేదు. పొడుగు రిజిస్టరు ఒకటి కొని, స్కేలు పెట్టి గీతలు గీసింది. తేదీ, చెప్పినవారు, చెప్పిన మాట, ఏమైంది. అలా నాలుగు గడులు. ఎవరు ఏం చెప్పినా అందులో ఎక్కాల్సిందే. డాక్టర్లవి నీలం సిరాతో, చుట్టాలవీ పక్కింటివాళ్ళవీ ఆకుపచ్చతో. బొప్పాయి ఆకు రసమన్న పిన్ని ఉంది అందులో. గోధుమగడ్డి రసమన్న నేనూ ఉన్నాను, "ఎదురింటి అక్క" అని.

నావెన్ని ఉన్నాయే అంటే, "డాక్టర్లందరివీ కలిపినా నీవే ఎక్కువుండాయి అక్కా" అంది.

ఇన్ని మాటల్లో ఏది నిజమో తేల్చుకోకుండా రాస్తే ఏం లాభమని అడిగాను. అప్పుడావిడ అన్న మాట నాకు బాగా గుర్తు. "ముప్పై ఏండ్లు లైబ్రరీలో నేను చేసింది అదే. ఏ పుస్తకం నిజం, ఏది అబద్ధం అని చెప్పేది నా పని గాదు. ఎక్కడిది అక్కడ పెట్టాల. అడిగినోళ్ళకి దొరకాల."

అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అదే నా బాధ.

ఆసుపత్రిలో పొద్దున ఏడింటికి వెళ్తే పన్నెండింటికి పిలుపు వచ్చేది. లోపల నాలుగు నిమిషాలు. డాక్టరు ప్రతిసారీ తల ఎత్తకుండానే, వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగేవాడు. లేదు సార్ అనేది ఆవిడ. లేదండి అనేదాన్ని నేను. ఇద్దరం నిజమే చెబుతున్నాం అనుకున్నాం.

ఇప్పుడు నేను రాయాల్సింది రాస్తాను. మా వంటింట్లో కాఫీపొడి డబ్బా పక్కన ఎప్పుడూ ఒక గ్యాస్ బిళ్ళల అట్ట ఉంటుంది. పొద్దున్నే పరగడుపున ఒకటి వేసుకోకపోతే నాకు రోజు గడవదు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. చుట్టం వస్తే కాఫీ ఇచ్చినట్టు, కడుపు ఉబ్బరం అన్నవాళ్ళకి ఒకటి చించి ఇస్తాం. మాత్ర మొదలెట్టిన కొత్తలో ఆవిడకి ఛాతీలో మంటగా ఉందంటే నేనే ఇచ్చాను. హాయిగా ఉందంది. క్లినిక్ డాక్టరు కూడా, మంచి పని చేశారు, అంత ఘాటు మందు వేసుకుంటూ ఇది లేకపోతే పుండ్లు పడతాయి అన్నాడు. అప్పట్నుంచి నడక నుంచి రాగానే ఇద్దరికీ చెరొకటి. అరగంటకి కాఫీ. ఈ బిళ్ళ ఆ రిజిస్టరులో ఎక్కలేదు. తేనె, పసుపుపాలు, మెంతులు అన్నీ ఎక్కాయి. ఇది ఎక్కలేదు. ఇది మందని మాకు తోచలేదు.

నాలుగేళ్ళు గడిచాక మొదటి మాత్ర పట్టు తప్పింది. రెండో రకం మాత్ర రాశారు. ఇది ఇంకా బలమైనది, రక్తపరీక్షలో జబ్బు ఎంతుందో చూపే అంకె మూడు నెలల్లో దిగుతుందన్నారు. దిగలేదు. ఆరు నెలలకి ఎక్కింది. డాక్టరు కాగితం బల్లమీద పడేసి, మీరు సరిగా వేసుకోవట్లేదమ్మా, ఇలా మానేసి నా దగ్గరికి వస్తే నేనేం చెయ్యను అన్నాడు. ఆవిడ రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది. ఒక్క పూట తప్పలేదు సార్, చూడండి అంది. ఇదంతా చదివే టైమెక్కడిదమ్మా అని అట్ట మూసి ఇటు తోశాడు.

ఆటోలో రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, నలిగిన అట్ట అంచు సరిచేసింది. తర్వాత మెల్లగా, "ముప్పై ఏండ్లలో ఒక్క పుస్తకం పోగొట్టలేదక్కా నేను. ఒక్క మాత్ర పోగొడతానా?" అంది.

నేనేం చేశానో తెలుసా మీకు? ఆవిడని అనుమానించాను. వాంతికి భయపడి మానేస్తోందేమో, నాకు చెప్పడం లేదేమో అనుకున్నాను. మర్నాటి నుంచి నేనే దగ్గర నిలబడి మింగించాను. ముందు గ్యాస్ బిళ్ళ, తర్వాత కాఫీ ఫలహారం, తర్వాత ఆ మాత్ర. నోరు తెరిచి చూపించమన్నాను కూడా. తెరిచి చూపించింది, బళ్ళో పిల్లలా. ఆ నోరు నాకు కళ్ళముందు నుంచి పోదు.

తర్వాతిసారి ఆసుపత్రి మందుల కౌంటర్లో ఆవిడ మాత్రలు తీసుకుంటూ, పనిలోపని నా గ్యాస్ బిళ్ళలు కూడా ఇమ్మన్నాను. కౌంటర్లో నడివయసు కళ్ళద్దాలావిడ రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి ఆగింది. ఈ రెండూ ఒక్కరికేనా అని అడిగింది. గ్యాస్ బిళ్ళ ఇద్దరం వేసుకుంటామండి, ఏళ్ళబట్టి, ఒక్కరోజు మానం అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను.

ఆవిడ అట్టల మీంచి చెయ్యి తియ్యలేదు. "కడుపులో పులుపు ఉంటేనే అమ్మా ఈ మందు ఒంటికి పట్టేది. ఈ బిళ్ళ ఆ పులుపునే చంపుతుంది. మీకు ఎవ్వరూ చెప్పలేదా?"

నా వెనకే నిలబడింది మా చెల్లెలు. విన్నది.

మళ్ళీ లోపలికి వెళ్ళాం. వేరే మందులు లేవని మీరే అన్నారు కదా అన్నాడు డాక్టరు. క్లినిక్ ఆయన దగ్గరికి వెళ్ళాం. మీరు గ్యాస్ అని వచ్చారు, గ్యాస్‌కి రాశాను, క్యాన్సర్ మందు సంగతి వాళ్ళు చూసుకోవాలి అన్నాడు. ఆ మాత్ర కాగితం ఆయన బల్లమీద ఎన్నిసార్లు పెట్టామో. ఇంకో పెద్ద డాక్టర్ని అడిగితే, తప్పనిసరైతే మంటకి గుటకేసే తెల్లమందు ఈ మాత్రకి రెండు గంటల తేడాతో తీసుకోండి, ఈ బిళ్ళ మాత్రం ఎంత తేడా ఇచ్చినా వద్దు అన్నాడు. మరి అంకె ఎక్కింది దీనివల్లేనా అని అడిగాను. దీనివల్లే అని చెప్పలేం, దీనివల్ల కాదనీ చెప్పలేం అన్నాడు. ఆ వాక్యం ఎవరికి పనికొస్తుందో మీరే చెప్పండి.

లోకంలో ఉన్న ప్రతిదానికీ భయపడ్డాను నేను. లిఫ్టుకి భయపడ్డాను, పుట్టగొడుగులకి భయపడ్డాను, ఉరుముకి భయపడ్డాను. రోజూ నా చేత్తో చించి ఇచ్చిన బిళ్ళకి భయపడలేదు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. రిజిస్టరు తీసి కూర్చుంది. రాయవే, అన్నాను. తేదీ వెయ్యి, గ్యాస్ బిళ్ళ అని రాయి, చెప్పినవారు అన్నచోట ఎదురింటి అక్క అని రాయి. ఇన్నేళ్ళూ ఇచ్చింది నేను. ఎర్ర సిరాతో రాయి.

ఆవిడ రాసి, నావైపు తిప్పింది. నాకు చేతిరాత చదవడం ఆలస్యం. కూడబలుక్కుని చదివాను. మందు: గ్యాస్ మాత్ర. చెప్పినవారు: ఎవరూ చెప్పలేదు. నీలం సిరా, డాక్టర్ల రంగు.

ఇది కాదు, నా పేరు రాయమన్నాను. చెయ్యి పట్టుకుని లాగాను కూడా.

"గమ్మునుండక్కా," అంది. "నువ్వు ఇచ్చినావు, నిజమే. ఇవ్వొద్దని ఎవురన్నా నీకు చెప్పినారా? రిజిస్టరులో అబద్ధం రాయను నేను."

అప్పుడే నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ పోయిన రోజు రాలేదంటే, అప్పుడే అయిపోయిందేమో.

ఆ తర్వాత రెండేళ్ళకి పైగా బతికింది. బిళ్ళ మానేసింది. ఛాతీ మండితే గోడకి ఆనుకుని కూర్చుని, "మండనీలే, మందు పట్టిందని లెక్క" అనేది. అంకె కాస్త దిగి మమ్మల్ని ఆశపెట్టింది, మళ్ళీ ఎక్కింది. మూడో రకం మాత్ర వచ్చింది. ఆఖరి నాలుగు నెలలు జబ్బు మంచి రకం కాకుండా పోయింది. అలా మారుతుందని కూడా అప్పుడే చెప్పారు. సూదిమందులు, నోట్లో పుండ్లు, జావ. చివరివారం కూడా, నర్సు వచ్చి ఏదో సెలైన్లో కలపబోతే ఆ సీసా పేరు అడిగి నాచేత రిజిస్టరులో రాయించింది. తప్పులు దిద్దింది. "ఆ అక్షరానికి తలకట్టు మరిచినావు అక్కా" అంది.

వాళ్ళ తమ్ముడు ఇల్లు ఖాళీ చేస్తూ ఆ రిజిస్టరు నాకిచ్చాడు. మొన్న మంగళవారం దాన్ని సంచిలో పెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఒక్కదాన్ని బస్సెక్కడం నాకు అదే మొదటిసారి. లోపలికి పిలిచేసరికి పన్నెండు దాటింది. పేషెంటు ఏరమ్మా అన్నాడు డాక్టరు. పోయిందండి అన్నాను. ఆ పేజీ తీసి ముందు పెట్టాను. ఈసారి చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బయట ఎంతమంది ఉన్నారో చూశారు కదమ్మా, అందర్నీ అన్నీ అడగాలంటే టైము చాలదు అన్నాడు. చాలదు, నిజమే. బయట కుర్చీలు చాలక గోడవారన కూర్చున్నారు జనం. ఆయన్ని తిట్టాలనే వెళ్ళాను. తిట్టలేదు. కోపం తగ్గి కాదు. తిడితే ఆ నాలుగు నిమిషాలు వెనకవాళ్ళకి తగ్గుతాయని.

ఆయనకి టైము లేదు, నాకుంది. బయటికి వచ్చి ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాను. పక్కన అంబర్‌పేట్ నుంచి వచ్చిన ఆయన, చేతిలో ఫైలు. ఏం వాడుతున్నావు నాయనా అని అడిగాను. చెప్పాడు. గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటున్నావా అన్నాను.

"గ్యాస్ గోలీ మందేంది పెద్దమ్మా? అది అందరం ఏసుకుంటం గద," అన్నాడు.

వేసుకోమనీ, మానెయ్యమనీ నేను చెప్పను నాయనా, చెప్పే చదువు నాకు లేదు, లోపలికి వెళ్ళాక డాక్టరుకి మాత్రం దాని పేరు చెప్పు, వాళ్ళు అడక్కపోయినా చెప్పు అన్నాను. గొంతు పెద్దదైందేమో, ఎదురు వరసలో ఒకావిడ తలెత్తింది. ఏమంటోందని పక్కావిణ్ణి అడిగింది. ఆవిడ ఇంకొకరికి చెప్పింది. అటు చివర సెక్యూరిటీ అతను లేచాడు, మళ్ళీ ఎందుకో కూర్చున్నాడు. ఒకావిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని జిప్పు తీసింది. ఒకాయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పాలిథిన్ కవర్లు విప్పుతున్న చప్పుడు వరస వెంబడి గోడవార దాకా పోయింది. అందరూ తలలు వంచుకుని, తాము ఏం వేసుకుంటున్నారో తామే మొదటిసారి చూసుకుంటున్నారు.